తెలుగు అక్షరం బరువా?

యూనికోడ్ తెలుగు బ్యాండ్‌విడ్త్‌ను మింగేస్తుందనీ, నెలసరి పరిమితి ఉన్న సర్వరుకు అది గుదిబండ అనీ కొందరు పెద్దలు సెలవిస్తున్నారు. కావలిలో కూర్చుని, నెలకు 10 గిగాబైట్ల షరతు గల అద్దె సర్వరులో పాత కథలను భద్రపరుస్తున్నవాణ్ణి. ఈ మాటకు జవాబు చెప్పక తప్పదు.

వారి వాదంలో కొంత నిజం లేకపోలేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి 1 బైటు, తెలుగు సంకేతానికి 3. మా ఊరి పేరు రోమను లిపిలో 6 బైట్లు. తెలుగులో క, దీర్ఘం, వ, ల, గుడి కలిసి 5 సంకేతాలు, అంటే 15 బైట్లు. ‘స్త్రీ’ ఒక్కటే 18 బైట్లు!

అయితే ఏమి? వెయ్యి మాటల కథ సుమారు 25 కిలోబైట్లు. ప్రతి తెలుగు సంకేతానికీ మొదటి బైటు ఒకటే కనుక, సర్వరు కుదించి పంపితే అది ఇంకా బాగా తగ్గుతుంది. ఇక ఈ పెద్దలు చేస్తున్నదేమిటి? అదే కథను స్కాను చేసి బొమ్మలుగా పెడుతున్నారు. ఎనిమిది పుటలు, పుటకు 200 కిలోబైట్ల చొప్పున 1.6 మెగాబైట్లు!

లెక్క వేయండి. నా 10 గిగాబైట్లలో అక్షరాల కథను 4 లక్షల సార్లు చదవవచ్చు. బొమ్మల కథను 6,250 సార్లే. అందులోనూ వెదుకుడు యంత్రాల రాకపోకలకూ, పండుగనాటి రద్దీకీ సగం విడిచిపెట్టాలి. 2009లో మూతబడిన జియోసిటీస్ ఉచిత గూళ్ళకు గంటకు 4.2 మెగాబైట్ల హద్దు ఉండేది. అక్కడ అక్షరాల కథకు గంటకు 168 మంది పాఠకులు; బొమ్మల కథకైతే మూడో పాఠకుడు ముగించేలోపే తలుపు మూతపడేది.

ఈ నష్టం సర్వరుతో ఆగదు. బొమ్మలోని మాట వెదికితే దొరకదు. చూపులేని పాఠకునికి యంత్రం చదివి వినిపించలేదు. రోజువారీ డేటా మీద ఫోనులో చదువుకునే పల్లెటూరి పాఠకుడి పరిమితి కూడా మన బొమ్మలకే ఖర్చయిపోతుంది.

యూనికోడ్ తన తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటిచ్చింది. ఆ చోటును మనమే ఖాళీ చేయడమా? టైపు చేసే ఓపిక లేకపోతే ఆ మాటే చెప్పండి అయ్యా, నేరం అక్షరం మీద మోపకండి.