ఈ జనవరిలో ఒక ముగ్గుతో తలపడండి

కొత్త సంవత్సరం రాగానే తీర్మానాలు మొదలవుతాయి. తెల్లారే లేస్తా, రోజూ రెండు గంటలు కోడింగ్ చేస్తా, ఇంకో కోర్సు పూర్తి చేస్తా... పండగ వచ్చేలోపే సగం అటకెక్కుతాయి. ఈసారి తీర్మానాల బదులు ఒక బొమ్మ పెట్టుకోండి. అదీ, ఎలా వేయాలో మీకింకా తెలియని బొమ్మ.

దానికోసం దూరం పోనక్కర్లేదు. ఇది ధనుర్మాసం. కర్నూలు పాతబస్తీలో పొద్దున్నే ఏ సందులోకి వెళ్లినా కల్లాపి చల్లిన వాకిట్లో ముగ్గు ఉంటుంది. 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క. లెక్కేస్తే మొత్తం 169 చుక్కలు. మీ అమ్మో అవ్వో కాగితం చూడకుండానే పెట్టేస్తారు. ఇక మెలికల ముగ్గయితే చుక్కల చుట్టూ తిరిగిన గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి. ఒక్కసారి వేసి చూడండి, చెయ్యి ఎక్కడ ఆగిపోతుందో మీకే తెలుస్తుంది.

ఇది ఆడవాళ్ల కాలక్షేపం అనుకునేవాళ్లకు ఒక మాట. 1970లలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ తన సహచరులతో కలిసి తమిళుల కోలాలపై పరిశోధన చేశారు. ఆటోమేటా థియరీలో మనం పరీక్ష కోసం బట్టీ పట్టే గ్రామర్లు ఉన్నాయే, అలాంటి వాటితోనే ఆ ముగ్గులను వర్ణించారు.

ఇప్పుడు అసలు ప్రాజెక్టు. అడ్డంగా 5, నిలువుగా 4 చొప్పున చుక్కలు పెట్టండి. పక్కపక్క చుక్కల నడిమధ్య నుంచి గీతను ఏటవాలుగా నడపండి. అంచు తగిలినప్పుడల్లా క్యారమ్స్ కాయిన్‌లా వెనక్కి తిప్పండి. ఒకే గీత అన్ని చుక్కలనూ చుట్టేసి వస్తుంది. 6, 4 పెడితే రెండు గీతలు అవుతాయి. 4, 4 పెడితే నాలుగు. ఆ రెండు అంకెల గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని! ఆరో తరగతి లెక్క వాకిట్లో కూర్చుని ఉందన్నమాట.

ముందు చేత్తో వేయండి. తర్వాత కోడ్ రాయండి. బెన్ ఫ్రై, కేసీ రియాస్ 2001లో మొదలుపెట్టిన ‘ప్రాసెసింగ్’ ఉచితంగా దొరుకుతుంది. దాని జావాస్క్రిప్ట్ రూపం పీ5 బ్రౌజర్లోనే నడుస్తుంది. అది పనిచేశాక రెండు చుక్కల మధ్య ఒక అడ్డుగోడ పెట్టండి. గీతలు విడిపోవచ్చు, కలిసిపోవచ్చు. ఎప్పుడు ఏమవుతుందో కనిపెట్టడమే మీ పరీక్ష. చివరికి మీ ముగ్గును సంక్రాంతి నాడు పిండితో వాకిట్లో వేయాలి. స్క్రీన్ మీద అండూ ఉంటుంది, నేల మీద ఉండదు.

‘ఉద్యోగం రానోళ్లకు ముగ్గులేంటికబ్బా?’ అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ముగ్గు చూసి ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. కానీ ఫైనలియర్ ప్రాజెక్టును డబ్బులిచ్చి కొనడం మామూలైపోయిన చోట, ‘ఇది నేనే చేశాను, ఇక్కడ మూడు రోజులు ఇరుక్కున్నాను, ఇలా బయటపడ్డాను’ అని చెప్పగలిగే పని ఒక్కటైనా చేతిలో ఉండాలి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు, మూడో ప్రశ్నకు నిలబడేది అదే.

‘ఏఐని అడిగితే పది సెకన్లలో ముగ్గు వేసిస్తుంది కదా?’ అంటారు. ఇస్తుంది. గీత ఎక్కడో తెగిపోతే పట్టుకోవాల్సింది మాత్రం మీరే. ఎప్పుడూ వేయని కన్నుకు ఆ తెగిన చోటు కనపడదు. రాబోయే రోజుల్లో మన పని చాలావరకు మెషీన్ చేసినదాన్ని సరిచూడటమే అయితే, ఆ కన్ను ఇప్పటినుంచే తయారుచేసుకోవాలి.

మొదట్లో బాగా రాదు. రాకూడదు కూడా. వచ్చిన పనే మళ్లీ చేస్తే మీరు ఉన్నచోటే ఉంటారు. సంక్రాంతికి రెండు వారాలే ఉంది. ఈ సాయంత్రం ఒక గళ్ల నోట్‌బుక్ కొనుక్కుని మీ అవ్వ పక్కన కూర్చోండి.