కాశీలో ఏం విడిచిపెట్టి వచ్చారు?

కాశీకి పోయి వచ్చిన ఆడమనిషిని ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న దేవుడి గురించి కాదు. "కాశీల ఏమిడిచిపెట్టినవ్ వదినె?" అని అడుగుతారు. ఒకామె సొరకాయ అంటుంది. ఇంకొకామె కాకరకాయ, సీతాఫలం అంటుంది. గంగలో మునిగి, ఇష్టమైన ఒక కాయనూ ఒక పండునూ ఇక బతికినంతకాలం తిననని చెప్పి రావడం మన ఆచారం. పురాణం చెప్పే పెద్దలు దీనికి మరో అర్థం చెబుతారు. విడవాల్సింది కాయనూ పండునూ కాదట, కాయాపేక్షనూ ఫలాపేక్షనూ అట. అంటే శరీరం మీద మోజును, చేసిన పనికి ప్రతిఫలం దక్కాలన్న ఆశను.

వినడానికి బాగానే ఉంది. కానీ ఈ ఉపదేశం ఎవరికి? తెల్లవారుజామున లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే ఆడది తన శరీరం తనదని ఏనాడు అనుకుంది? నాటు వేసి, కలుపు తీసి, కోత కోసిన చేతులు ఆ పొలం ఫలంలో వాటా ఏనాడు అడిగాయి? ఆమె ఎన్నడో విడిచిపెట్టిన వాటినే మళ్ళీ విడిచిపెట్టమని చెప్పడానికి అంత దూరం తీసుకుపోవాలా? అసలు ఆమె చేత ఏం విడిపిస్తున్నారు, ఎక్కడ విడిపిస్తున్నారు అనేది ఈ వ్యాసంలో మాట్లాడదాం.

గజాల లెక్క

కండ్లకోయ మేడ్చల్ దగ్గర, నాగపూర్ పోయే జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య సుమారు వందమంది పరివారంతో హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ పోయి, 1831లో తిరిగి ఇల్లు చేరాడు. ఆ యాత్రకు పదిహేను నెలలు పైగా పట్టింది. ఇవాళ సికింద్రాబాదులో రైలెక్కితే మర్నాటికి కాశీ. దారి దగ్గరైంది. దానితోపాటు ఊరూ మారిపోయింది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటలు, వరిమళ్ళు, కూరగాయల మడులు. వాటిలో వంగి పనిచేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చి, దాని మీద కండ్లకోయ ఒక కూడలి అయ్యాక, 2022లో ఐటీ పార్కుకు పునాదిరాయి పడ్డాక, ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది.

భూమికి ధర వచ్చిన రోజునే ఆడబిడ్డ గుర్తొస్తుంది. ప్రేమతో కాదు. కొనేవాడి వకీలు కాగితాలు తిరగేసి అడిగే మొదటి మాట, "ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా?" అని. పదేళ్ళుగా పండుగకు పిలవని అన్న ఇంటికి కారు పంపుతాడు. చీర పెడతారు, ఒడిబియ్యం పోస్తారు. "చెల్లె, ఊరికే నీ సంతకం కావాలె, అంతే" అంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆమె ముందు పెట్టేది హక్కు విడుదల దస్తావేజు. తనకున్న వాటాను తన ఇష్టపూర్వకంగా, సంతోషంగా వదులుకుంటున్నానని అందులో రాసి ఉంటుంది. ఆమెకు దాన్ని ఎవరూ చదివి వినిపించరు. బొటనవేలు ఆనించాక, "అమ్మను, నిన్ను కాశీకి తీస్కపోతం అక్కా" అంటాడు తమ్ముడు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, నా తమ్ముడు బంగారం అంటుంది.

రైలు టికెట్టు, సత్రం గది, పడవ కిరాయి, రెండు పట్టుచీరలు అన్నీ కలిపి కండ్లకోయ రోడ్డు పక్కన ఎన్ని గజాలకు సమానమో ఎవరైనా లెక్క వేశారా? ఒకసారి వేసి చూడండి. ఒక మంచం పట్టేంత జాగా కూడా రాదు. ఆమె కాశీలో విడిచింది సొరకాయ. అసలైంది ఆమె చేత రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముందే విడిపించారు.

చట్టం ఏమంటున్నది?

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కొడుకుతో, భార్యతో, తల్లితో పాటు కూతురికీ సమాన వాటా ఉంది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం అప్పుడు మగపిల్లలకే ఉంచారు. ఆ అన్యాయాన్ని దేశంలో ముందుగా సరిచేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతుళ్ళకూ ఆ హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళను బయట పెట్టింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ గీతను కూడా చెరిపేసింది. వ్యవసాయ భూమిని వేరుగా చూసే సందును మూసేసింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: అక్కరలేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది. 2004 డిసెంబర్ 20కి ముందే చట్టప్రకారం జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

అంటే వకీలు ఆడపిల్ల సంతకం అడగడం మర్యాద కోసం కాదు. ఆ సంతకం లేకపోతే ఆ భూమికి కొనేవాడు రాడు. ఇంత విలువైన సంతకాన్ని చీరకు, యాత్రకు ఇచ్చేస్తున్నాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి నడిచారు. ఆ అక్షరం అప్పుడు ఆయుధమైంది. అదే అక్షరం ఇవాళ మన చేతిలో మన హక్కునే కొట్టేసే గీత అవుతున్నది.

"కట్నం ఇచ్చాం కదా" అంటారు. ఎవరికిచ్చారు? అల్లుడికి, వాళ్ళ నాన్నకు. 1961 వరకట్న నిషేధ చట్టం అది నేరమంటుంది. ఒకవేళ తీసుకున్నా దాన్ని ఆమెకే అప్పగించాలంటుంది. ఆమె చేతికి రాని సొమ్మును ఆమె వాటా కింద జమ కట్టడం ఏ లెక్క?

పిండం పెట్టేవాడికే పొలమా?

ఇంకో వాదన ఉంది, కాశీకి, గయకు నేరుగా తగిలేది. "కొడుకు పిండం పెడతాడు, అందుకే భూమి కొడుక్కి" అని. ఈ మాట శాస్త్రం పేరుతో చెబుతారు గనుక శాస్త్రంతోనే మాట్లాడదాం. మన ప్రాంతానికి చెల్లిన ధర్మశాస్త్రం మితాక్షర. దాన్ని రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంవాడు. కేతన 13వ శతాబ్దంలోనే దాన్ని తెలుగులోకి తెచ్చాడు. ఆ విజ్ఞానేశ్వరుడు సపిండులంటే అన్నపు ముద్ద పెట్టేవాళ్ళని చెప్పలేదు. పిండమంటే శరీరం, ఒకే శరీరపు అంశను పంచుకున్నవాళ్ళు సపిండులు అన్నాడు. తల్లిదండ్రుల శరీరం కూతురిలో లేదా?

గయలో పండాలు చెప్పే కథనే తీసుకోండి. రాముడు శ్రాద్ధ సామగ్రికి పోయిన వేళ దశరథుడు చేయి చాపితే, ఫల్గుణీ తీరాన సీత ఇసుక ముద్ద పెట్టిందట. మామగారు తృప్తిపడ్డాడట. రాముడు వచ్చాక సాక్షులంతా మాట మార్చారట, ఒక్క మర్రిచెట్టు తప్ప. అందుకే ఫల్గుణి పైకి నీళ్ళు లేక ఎండిపోయిందని, అక్షయవటం పచ్చగా ఉందని చెబుతారు. ఆ కథ వినిపించిన నోటితోనే కూతుర్ని వెనక్కి జరగమంటారు. ఆడది పెట్టిన పిండం దశరథుడికి చాలింది. మన ఇళ్ళలో నాన్నలకు ఎందుకు చాలదు? కథ మన చేతికిచ్చిన పాఠం ఒకటే. ఆడది చేసిన పనికి సాక్ష్యం చెప్పాల్సి వచ్చేసరికి అందరూ మాట మారుస్తారు. కాబట్టి సాక్ష్యం కాగితం మీద ఉండాలి.

దేహం కూడా విడవాలట

యాత్ర తేదీ ఖాయం కాగానే ఇంట్లో ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెడతారు. ముట్టు తేదీ అడ్డం వస్తే మందుల దుకాణంలో మాత్ర. డాక్టరును అడిగేవాళ్ళు తక్కువ. ముట్టును వాయిదా వేసే ఆ మాత్రలు హార్మోన్లు. రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయం జబ్బు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు అవి ప్రమాదం. యాత్ర తేదీని మార్చమని మాత్రం ఎవరూ అనరు, ఆమె ఒంటినే మార్చుకోమంటారు. శబరిమల కేసులో 2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు స్త్రీల ప్రవేశాన్ని సమర్థించింది. ధర్మాసనంలోని జస్టిస్ చంద్రచూడ్ ముట్టు పేరుతో వెలివేయడాన్ని అంటరానితనంతో పోల్చారు. 2019 నవంబర్‌లో ఆ ప్రశ్నలు విస్తృత ధర్మాసనానికి పోయాయి. కోర్టు ఏం చెప్పినా, ఈ మాత్ర మింగించేది గుడి కాదు, ఇల్లు.

ప్రయాగలో ముత్తైదువ వేణీదానమని జడ కొస సంగమంలో వదులుతుంది. అదే కుటుంబంలో భర్త పోయిన తల్లి సంచుల దగ్గర కూర్చుంటుంది. అన్నపూర్ణ గుడిలో, విశాలాక్షి గుడిలో కుంకుమ పంచుకునే వేళకు ఆమె పక్కకు జరుగుతుంది. ఇద్దరు దేవతలూ ఆడవాళ్ళే. అందరికీ అన్నం పెట్టే తల్లి ముందు, జీవితమంతా అన్నం వండిన తల్లికి నిలబడే చోటు లేదు.

మేము యాత్రకు వ్యతిరేకమా?

"మీకు భక్తి లేదు, ఉన్నవాళ్ళను చెడగొడతారు" అనే మాట ఎలాగూ వస్తుంది. కాదు. కాశీకి పోవాలని ముసలితల్లి ఎందుకు ఆశపడుతుందో మాకు తెలుసు. తొమ్మిది రాత్రుల నిద్ర అని పోయిన తొమ్మిది రోజులూ పొయ్యి ముట్టించే పని ఉండదు. తెలుగు ఆశ్రమాల్లో బంతిలో కూర్చుంటే ఇంకొకరు వడ్డిస్తారు. ఆమె జన్మలో అలా కూర్చుని తిన్నది ఎన్నిసార్లు? కేదారఘాటు మెట్ల మీద సాటి ఆడవాళ్ళతో కూర్చుని, ఎవరికీ జవాబు చెప్పకుండా నది చూస్తుంది. ఆ సుఖం ఆమె హక్కు. మా అభ్యంతరం యాత్ర మీద కాదు, యాత్రను ధరగా కట్టడం మీద. కొడుకులు తల్లిని కాశీకి తీసుకుపోవడం వాళ్ళ బాధ్యత. దానికి అక్క వాటా భూమి ఎందుకు కిరాయి కావాలి?

అసలు భయం మరొకటి ఉంది, దాన్ని దాచనవసరం లేదు. వాటా అడిగితే తల్లిగారిల్లు పోతుంది. బతుకమ్మకు పిలిచేవాళ్ళుండరు. మొగుడు కొట్టి వెళ్ళగొడితే పోవడానికి గడప ఉండదు. ఈ భయం నిజమైనది, చదువుకున్న ఆడవాళ్ళకూ ఉంది. కానీ ఆలోచించండి. సంతకం పెట్టినంతకాలమే తెరుచుకునే తలుపు కష్టంలో తెరుచుకుంటుందా? వాటా ఇచ్చేసిన ఎంతమంది అక్కలు నాలుగు రోజులు దాటితే తమ్ముడింట్లో బరువైపోవడం మనం చూడలేదు? "మా ఆడబిడ్డ ఆశపోతు" అనే వదినె కూడా ఎవరింటికో ఆడబిడ్డే. ఆమె చేత కూడా ఎక్కడో సంతకం పెట్టించే ఉంటారు. ఇద్దరినీ దోచిన చేయి ఒకటే. పోట్లాట మాత్రం వీళ్ళిద్దరి మధ్య.

అందుకే ఒంటరిగా అడగొద్దు. అక్కచెల్లెళ్ళంతా కలిసి అడగండి. సంఘం మనుషులను వెంట తీసుకుపొండి. దస్తావేజు నకలు ముందుగా చేతికి ఇమ్మనండి, ఎవరిచేతైనా చదివించుకోండి. "ఇప్పుడే, ఈ రోజే" అంటే ఆ రోజు సంతకం చేయనే వద్దు. ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతున్నది. 15100కు ఫోన్ చేసి అడగండి. మోసం చేసి, బెదిరించి రాయించుకున్న కాగితాన్ని రద్దు చేయమని కోర్టుకు పోవచ్చు. అయితే ఆ సంగతి తెలిసిన మూడేళ్ళలోపే పోవాలి. రిజిస్ట్రేషన్ అధికారులకు కూడా మా డిమాండ్ ఒకటుంది. స్త్రీ హక్కు వదులుకునే ప్రతి దస్తావేజునూ ఆమెకు విడిగా, అన్నదమ్ములు లేని గదిలో, ఆమె భాషలో చదివి, ఆ వాటా మార్కెట్ విలువ చెప్పి, ఆ తరువాతే సంతకం తీసుకోవాలి.

అక్కా, చెల్లె, కాశీకి తప్పకుండా పోండి. మీ పేరున ఉన్న భూమి పాసుబుక్కు ఇంట్లో పెట్టి పోండి. గంగలో ఏదో ఒకటి విడవాలి గదా, అన్న ఏమనుకుంటాడోనన్న భయాన్ని విడిచిపెట్టండి. సొరకాయ తినండి, ఒంటికి మంచిది.