పడవ మునిగితే నివేదిక ఎక్కడ?



2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలి 260 మంది చనిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో ప్రాథమిక నివేదికను జనం ముందు పెట్టింది. ఇంజన్లకు ఇంధనం ఏ క్షణాన ఆగిందో అందులో ఉంది. ఆ నివేదిక మీద పైలట్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి, వాదోపవాదాలు జరిగాయి. జరగనివ్వండి. వాదించడానికైనా చేతిలో ఒక కాగితం ఉంది కదా! మన గోదావరిలోనో కృష్ణలోనో పడవ మునిగినప్పుడు కమిటీ వేస్తారు, అది రాసింది ప్రభుత్వానికి చేరుతుంది. రోజూ ఆ నీటి మీద బతికే సరంగుకు గానీ, ఆ పడవ ఎక్కే మనిషికి గానీ చేరదు. విమానాలకు ఉన్నట్టే పడవ ప్రమాదాలకు కూడా ఒక శాశ్వత దర్యాప్తు సంస్థ కావాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2018 మే నెల గుర్తు చేసుకోండి. 11వ తేదీన దేవీపట్నం దగ్గర పాపికొండలకు వెళ్ళే పర్యాటక బోటు తగలబడింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు, అమ్మయ్య అనుకున్నాం. నాలుగు రోజులకే, 15న, మంటూరు దగ్గర గాలివానలో లాంచీ మునిగింది. వాన జల్లు కొడుతోందని తలుపులు, కిటికీలు మూసేయడంతో లోపలున్న గిరిజనులు బయటికి రాలేకపోయారు. రోడ్డు సరిగా లేని ఆ కొండ పల్లెలకు లాంచీయే బస్సు, దాన్ని సరదాకు ఎక్కినవాళ్ళు కారు వాళ్ళు. విమానాల విషయంలోనైతే ప్రాణనష్టం లేకుండా తప్పిపోయిన తీవ్ర ఘటన మీద కూడా దర్యాప్తు చేస్తారు. ఎందుకంటే తర్వాతి ప్రమాదం గురించి ముందే చెప్పేది అదే. 11న తగలబడిన బోటును అదే శ్రద్ధతో చూసి, ఆ వారమే రేవుల్లోని లాంచీలన్నిటినీ ఆపి, తలుపులు ఎటు తెరుచుకుంటున్నాయి, ఎంతమందిని ఎక్కిస్తున్నారు అని తనిఖీ చేసి ఉంటే? మంటూరు జరిగేది కాదని నేను అనలేను. కానీ ఆ ప్రశ్న అడిగే బాధ్యత ఎవరిదో ఆ రోజు ఎవరికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు.

ఏడాది తిరిగాక కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న గోదావరి 5 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుండగా ‘రాయల్ వశిష్ట’ బోటు 77 మందితో వెళ్ళి మునిగిపోయింది. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి కలిసి బయల్దేరినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. మృతుల కుటుంబాలకు 10 లక్షల చొప్పున పరిహారం ప్రకటించారు. బోటును అక్టోబరు 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం బయటికి లాగింది. ఆ ఇనుప తొట్టి అప్పుడు సాక్ష్యం. ఆ వరదకు ఎదురు వెళ్ళేంత శక్తి ఇంజనుకు ఉందా? పై అంతస్తు బరువుకు బోటు ఎంత వాలితే తిరగబడుతుంది? అక్కడి సుడి ఎంత ప్రవాహంలో ఏర్పడుతుంది? అంత వరదలో బోటును ఎవరు వదిలారు? నౌకా నిర్మాణం తెలిసిన ఇంజనీరు వారం రోజులు కూర్చుంటే వీటికి లెక్క కట్టి జవాబు చెప్పగలడు. ఆ జవాబులు గండిపోచమ్మ రేవులో బోర్డు మీద ఉండాలి. తర్వాత రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టే పని మొదలైంది, మంచిదే. అయితే ఏది ఎందుకు మునిగిందో తెలియకుండా ఆ గదిలో కూర్చున్న ఉద్యోగి దేన్ని నియంత్రించాలి?

చట్టం లేదా అంటే ఉంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. ప్రమాదం జరిగితే పోలీసులకు తెలపాలి, రాష్ట్ర ప్రభుత్వం కోరితే జిల్లా మేజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు, విచారించి నివేదిక ఇవ్వాలి. కలెక్టర్లను నేను తక్కువ చేయడం లేదు. శవాలను వెతికించడం, బంధువులకు భోజనాలు పెట్టించడం, మంత్రులకు సమాధానం చెప్పడం, అన్నీ ఆ రోజు ఆయన నెత్తినే ఉంటాయి. పైగా ఆ నీటి మీద అనుమతులిచ్చే శాఖలూ, విచారించే అధికారీ ఒకే ప్రభుత్వంలో మనుషులు. విమానాల్లో కూడా ఒకప్పుడు ఇదే తంతు. అనుమతులిచ్చే డీజీసీఏయే చాలా ప్రమాదాలపై దర్యాప్తు కూడా చేసేది. 2010లో మంగళూరులో 158 మంది చనిపోయాక, 2012లో దర్యాప్తును దాన్నుంచి విడదీసి బ్యూరోకు అప్పగించారు.

పోలీసు కేసు ఉంది కదా అనేవాళ్ళున్నారు. కేసు నేరస్తుణ్ణి వెతుకుతుంది, కారణాన్ని కాదు. జైలు భయం ఉన్న సరంగు నోరు విప్పడు. విమాన దర్యాప్తు నియమాల్లో మూల సూత్రమే తప్పెవరిదో తేల్చడం తమ పని కాదని. కేసు నడవాల్సిందే, కానీ దాని పక్కన ఈ రెండో పని కూడా జరగాలి.

సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. 2024 ఆగస్టులో సుమారు 360 కోట్లతో లక్ష మత్స్యకార పడవలకు ఉపగ్రహంతో పనిచేసే ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకాన్ని కేంద్రం ప్రారంభించింది. ఒక్క ప్రాణం దక్కినా ఆ ఖర్చుకు అర్థం ఉన్నట్టే. కానీ మన తీరంలో చాలా నావలు హార్బరు నుంచి కాదు, ఇసుక మీద నుంచి నేరుగా కెరటాల్లోకి వెళ్తాయి. నది సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడో, ఒడ్డుకు చేరేటప్పుడో బోల్తా పడిన నావను ఉపగ్రహం కాపాడలేదు. ఏ మొగలో, ఏ నెలలో, ఏ పోటులో ఎన్ని నావలు తిరగబడ్డాయో ఒకచోట రాసిపెడితే ఎక్కడ ఇసుక తవ్వాలో, ఎక్కడ జెట్టీ కట్టాలో తెలుస్తుంది. ఆ పని కూడా ఇలాంటి సంస్థే చేయాలి.

డబ్బు ఎక్కడిదంటారా? విమానాల బ్లాక్‌బాక్సులను చదివే ప్రయోగశాలను బ్యూరో 2025లో ఢిల్లీలో 9 కోట్లతో పెట్టుకుంది. పడవల దర్యాప్తుకు అంత కూడా అక్కర్లేదు. ఓ నలుగురు నిపుణులు, ఒక అనుభవమున్న సరంగు, ఒక కార్యాలయం చాలు. విశాఖలో షిప్‌యార్డు ఉంది, భారత సముద్ర విశ్వవిద్యాలయం క్యాంపస్ ఉంది. మనుషుల కోసం విదేశాలకు వెళ్ళక్కర్లేదు.

2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపారు. 2017 కార్తీకంలో ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసిన బోటు ప్రమాదం అక్కడికి కాస్త ఎగువనే, పవిత్ర సంగమం దగ్గర జరిగింది. రేపు ఆ సీప్లేనుకు ఏదైనా జరిగితే ఢిల్లీ నుంచి దర్యాప్తు బృందం వస్తుంది. అదే నీళ్ళలో పడవకు జరిగితే రాదు. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు సుదీర్ఘ తీరమున్న శ్రీకాకుళం నుంచి గెలిచినవారు. పడవలు ఆయన శాఖ కాదు, నిజమే. అయినా తన శాఖలో ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూసిన మనిషి. కేంద్రంలోనూ, రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రుల దగ్గరా ఈ మాట ఎత్తమని ఆయన్ని కోరుతున్నాను. పవిత్ర సంగమం, మంటూరు, కచ్చులూరు ఫైళ్ళను ఆ సంస్థకు మొదటి పనిగా అప్పగించి, తేలిన సంగతులను తెలుగులో అచ్చువేయించి ప్రతి రేవులోనూ అంటించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం