రెజ్యూమెలో పట్టని ఇష్టం

మీ రెజ్యూమెలో హాబీస్ కింద ఏం రాశారు? క్రికెట్, రీడింగ్, పాటలు వినడం... అంతేగా! నేను ఉద్యోగం మారేటప్పుడు ‘మ్యూజికల్ థియేటర్’ అని రాశా. ఇంటర్వ్యూలో ఒకాయన అది చూసి, ‘దీనివల్ల మా ప్రాజెక్టుకేంటి ఉపయోగం?’ అన్నారు. ‘టీమ్‌వర్క్ అలవడింది సర్’ అనేశా. పచ్చి అబద్ధం. నేనెప్పుడూ స్టేజీ ఎక్కిందే లేదు. అయినా ఉద్యోగం వచ్చింది, అది వేరే సంగతి.

ఈ పిచ్చి 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. అమెరికా తొలి ఆర్థిక మంత్రి కథను ర్యాప్‌లో చెప్పే బ్రాడ్‌వే నాటకం ‘హామిల్టన్’. దాని వీడియో ఆ జులైలో ఓటీటీలోకి వచ్చింది. తర్వాత మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా చెవిలో అవే పాటలు. ఓ నెల స్టేజీ లైటింగ్ గురించి చదివా. ఆపై కీబోర్డు కొన్నా. ఇప్పుడది మంచం కింద ఉంది. తర్వాత ‘రెంట్’ రాసిన జొనాథన్ లార్సన్ మీద పడ్డా. వారాంతాల్లో హోటల్లో సర్వర్‌గా చేస్తూ మిగతా రోజులు రాసుకున్న మనిషి. 1996లో ఆ నాటకం తొలి ప్రివ్యూ జరగాల్సిన రోజు తెల్లవారుజామునే చనిపోయాడు. అప్పటికి 35 ఏళ్లు.

ఓసారి ఊళ్లో ఇదంతా చెబుతుంటే తాతయ్య, ‘మధ్యమధ్యలో పాడతారా? మన హరిశ్చంద్రలో పద్యాల్లాగా?’ అన్నారు. చెంప చెళ్లుమన్నట్టయింది. బలిజేపల్లి వారి నాటకం, కాటి సీనులో జాషువా పద్యాలు, జనం ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ ఎత్తుకునే నటులు... ఆయన తెల్లవార్లూ కూర్చుని చూసినవే. పగలు బడిపంతుళ్లు, రాత్రికి మహారాజులు! న్యూయార్క్ పాటలు కంఠతా పట్టిన నేను ఇంట్లో మనిషిని ఒక్క పద్యం పాడమనలేదు. అడిగేసరికి ఆయనకు 82. రెండు పాదాలు పాడగానే ఆయాసం వచ్చేసింది. నా ఫోన్‌లో ఉన్నది 40 సెకన్ల రికార్డింగే. ఆయన చెప్పాకే సురభి వాళ్ల ‘మాయాబజార్’కు వెళ్లా. 1885లో మొదలుపెట్టిన కుటుంబాల వారసులు ఇంకా ఆడుతున్నారు.

‘మీ ప్యాషన్‌నే ప్రొఫెషన్ చేసుకోండి’ అని మనకు రోజూ ఎవరో ఒకరు చెబుతుంటారు. నాకది నచ్చదు. ప్రతి ఇష్టానికీ ఓ కోర్సు, ఓ సర్టిఫికెట్, ఓ యూట్యూబ్ ఛానల్ ఎందుకు? కోడింగ్ ప్రాక్టీస్ మానేయమనట్లేదు, నాకూ ఈఎంఐలున్నాయి. కానీ కీబోర్డు మంచం కిందికి వెళ్లినందుకు తప్పు చేసినట్టు ఫీలవ్వక్కర్లేదు. నచ్చినన్నాళ్లు వాయించా. లైటింగ్ మీద నెలే చదివినా, సురభిలో పాత్ర గాల్లోకి లేస్తుంటే పైన తీగలెక్కడున్నాయా అని వెతికింది ఆ చదువుతోనే. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలి?

మొన్న మరో ఇంటర్వ్యూలో మళ్లీ అదే ప్రశ్న. ‘ఉపయోగమేం లేదు సర్, ఇష్టం’ అన్నా. ఆయన నవ్వి, డేటాబేస్ ఇండెక్సింగ్ గురించి అడగడం మొదలెట్టారు.