పొదుపు పాఠం ముందు కూలి లెక్క చెప్పండి

సూరత్‌లో మగ్గాలు మందగించినప్పుడల్లా మాకో సలహా అందుతుంది: ఖర్చు తగ్గించుకోండి, జీతంలో ఇరవై శాతం దాచుకోండి. లింబాయత్‌లో పెరిగి ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్న నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

ఏ జీతంలో దాచాలి? వరంగల్, కరీంనగర్, నల్లగొండల నుంచి వలస వచ్చిన మావాళ్లకు పవర్‌లూమ్ మీద కూలి మీటర్ల లెక్కన. కరెంటు పోయినా, యార్న్ రాకపోయినా, సేఠ్ ఒక షిఫ్టు ఆపినా కూలి ఉండదు. గది అద్దె మాత్రం ఆగదు. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ మీద వ్యాపారుల సమ్మె. రెండుసార్లూ వార్తలకెక్కింది మార్కెట్ నష్టమే.

మా ఇంట్లో ముందు కూర పోయేది, తర్వాత పాలు సగమయ్యేవి. ఆపైన అమ్మ కాంట్రాక్టరు దగ్గర్నుంచి చీరల మూటలు తెచ్చేది. దారాలు కత్తిరించడం, రాళ్లు అతికించడం, చీరకిన్ని రూపాయలు. అక్కా కూర్చునేది, చదువు పక్కనపెట్టి. దీన్ని కుటుంబ ఆర్థిక నిర్వహణ అంటారట! సేఠ్ నష్టాన్ని ఆడవాళ్ల వేళ్ల మీదికి నెట్టడమంటాను నేను.

బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పరిమితి వచ్చింది. రాజ్యాంగం 43వ అధికరణ జీవన వేతనం గురించి చెబుతుంది. గుజరాత్ ప్రభుత్వమేమో 2025లో ఆర్డినెన్సు తెచ్చి రోజుకు 12 గంటల పనికి తలుపు తీసింది.

పేదల ఇంటి బడ్జెట్ల మీద థీసిస్ రాస్తున్న మిత్రులారా, మా అమ్మను పద్దుల పుస్తకం అడిగే ముందు కార్ఖానాలో హాజరు పుస్తకం అడగండి. మా నాన్న పనిచేసిన చోట అందులో ఆయన పేరే లేదు.