సేవకు చదువెందుకు అంటారా?

‘సేవ చేయడానికి పట్టా ఎందుకు?’ మన పిల్లలు సోషల్ వర్క్ చదువుతామన్నప్పుడల్లా మాకు వినిపిస్తున్న ప్రశ్న ఇది. ఇంజనీరింగ్‌కైతే అప్పు చేసైనా పంపుతాం. బి.ఎస్.డబ్ల్యు., ఎం.ఎస్.డబ్ల్యు. అనగానే పెదవి విరుస్తాం.

మనలో ఖిద్మత్‌కు కొరత లేదు. రంజాన్‌లో రేషన్ పంచుతాం, దిక్కులేని జనాజాకు భుజం పడతాం. కానీ భర్తను పోగొట్టుకున్న చెల్లెలి పింఛను దరఖాస్తు తిరిగి వస్తే, ఏ నిబంధన కింద తిప్పి పంపారని నిలదీయగలవారు మొహల్లాకు ఒక్కరైనా ఉన్నారా? ఏళ్ల తరబడి ప్రభుత్వ కార్యాలయంలో బల్లకు ఇవతల కూర్చున్నాం గనుక చెబుతున్నాం: కన్నీళ్లకు ఫైలు కదలదు, సరైన కాగితానికి కదులుతుంది.

2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం ప్రతి జిల్లాలోనూ బాలల సంక్షేమ సమితి ఉండాలి. పనిలోంచి విడిపించిన పిల్లలు ఎవరి సంరక్షణలో ఉండాలో నిర్ణయించేది ఆ సమితే. అందులో సభ్యత్వానికి సోషల్ వర్క్ పట్టా ఒక అర్హత. అక్కడ మనకు చోటేదని అడగడం న్యాయమే. అర్హులను మనం తయారుచేస్తున్నామా అన్నది అంతకన్నా ముందు ప్రశ్న.

హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.డబ్ల్యు. ఉర్దూలోనే చదవవచ్చు. ఊరు కదలలేనివారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ప్రభుత్వాలు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బకాయి పెట్టకుండా చెల్లించాలి. మస్జిద్ కమిటీ పెద్దలు జల్సాల షామియానాలు, ఫ్లెక్సీల ఖర్చు కొంత తగ్గించి, ఏటా ఒక్క బిడ్డకైనా ఈ చదువు చెప్పించాలి.

దయ మనకు ఉంది. ఇక కావలసింది దాన్ని హక్కుగా మార్చే విద్య.