ఎండకును మంచునకును ఓర్చు జంతువులు

వైశాఖమాసము వచ్చుసరికి తెలుగునాట పల్లెలలోని చిన్న చెఱువులు ఎండిపోవును. తూము దగ్గఱ కొంచెము నీరు మిగులును. కొన్నాళ్లకు అదియు ఇంకిపోయి అడుగున నల్లని బురద మాత్రము నిలుచును. ఆ బురదయు పైపైన ఎండి పగుళ్లు వాఱును. అట్టి చెఱువులో చేప బ్రతికి యుండునన్నచో పట్టణవాసి నవ్వును. పల్లెలోని పిల్లవాడు నవ్వడు. పగుళ్ల క్రింద తడి మిగిలిన చోట త్రవ్వినచో కొఱ్ఱమీను దొరకవచ్చునని వాడెఱుగును. తక్కిన చేపలు నీటిలో కలసియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. కొఱ్ఱమీనునకు మొప్పలే కాక, గాలిని నేరుగా పీల్చుకొనుటకు తలలో ప్రత్యేకమైన యవయవము కలదు. ఒడలు తడిగా నున్నంతవఱకు అది నీటి వెలుపల గూడ కొంతకాలము గడపగలదు. తొలకరి వానకు నీరు చేరగానే మరల ఈదును. తెలంగాణ రాష్ట్రము తన రాష్ట్ర మత్స్యముగా ఎంచుకొన్నది ఈ చేపనే.

కొఱ్ఱమీను పడు ఇక్కట్టు కొలది నెలలది. సంవత్సరము పొడవునను వాన యెఱుగని ఎడారులందును, వారముల తరబడి సూర్యుడు పొడువని హిమభూములందును గూడ జంతువులు కాపుర ముండుచున్నవి. వానిని గూర్చి వ్రాయువారు పలువురు అవి ప్రకృతితో పోరాడి గెలిచినవని పొగడుదురు. ఈ మాట వినుటకు ఇంపుగా నుండునే కాని నిజమునకు దూరము. పోరాడువాడు బలమును వెచ్చింపవలెను. ఎడారిలో బలమును వెచ్చించు జంతువు మొదట చచ్చును. అచ్చట నిలిచి యుండునవి వీరులు కావు, పొదుపరులు. నెలాఖరున డబ్బాలోని బియ్యమును కొలిచి కొలిచి వండు ఇల్లాలిని చూచిన బాలునకు వాని గుట్టు సులభముగా బోధపడును.

ఒంటె సంగతి చూడుడు. అది మూపురములో నీరు దాచుకొనునని నేటికిని చాలమంది నమ్ముచున్నారు. మూపురములో నున్నది నీరు కాదు, క్రొవ్వు. ఆ క్రొవ్వు కరగి నీరగునని కొందఱు సర్దిచెప్పుదురు. క్రొవ్వు దేహములో ఖర్చగునపుడు నీరు పుట్టుట నిజమే. కాని దానిని ఖర్చు చేయుటకు ప్రాణవాయువు కావలెను. అందుకై ఎక్కువగా శ్వాసింపవలెను. ఆ శ్వాసతో పుట్టిన నీటికంటె ఎక్కువ తేమ ఎడారి గాలిలో కలసిపోవును. కావున మూపురము ఆకలికి పనికివచ్చు ధాన్యపు గాదెయే కాని దప్పికకు పనికివచ్చు కుండ కాదు. క్రొవ్వంతయు ఒక్కచోటనే కూడియుండుట వలన మాత్రము మేలు కలదు. అది చర్మము క్రింద ఒడలంతట పఱచుకొని యున్నచో లోని వేడి వెలుపలికి పోవుట కష్టమగును.

మఱి దప్పిక నెట్లు ఓర్చును? నార్వేలో జన్మించి అమెరికాలో పనిచేసిన క్నూట్ ష్మిట్-నీల్సన్ అను శాస్త్రజ్ఞుడు 1953-54 సంవత్సరములలో సహారాలోని బెని అబ్బెస్ అను ఒయాసిస్సున నివసించి ఒంటెలను పరీక్షించెను. ఉష్ణమాపకము, త్రాసు, కొలపాత్ర మున్నగు సామాన్య సాధనములతోనే ఆయన చాల సంగతులు తేల్చెను. మనుష్యుని ఒడలి వేడి ఇంచుమించు 37 డిగ్రీల సెంటీగ్రేడు. అది రెండు మూడు డిగ్రీలు పెరిగినచో జ్వరమందుము. వేడి పెరుగకుండుటకై దేహము చెమట పోయును. నీరు దొరకని వేళ ఒంటె వేఱు మార్గము త్రొక్కును. తెల్లవాఱుజామున దాని వేడి 34 డిగ్రీలకు దిగును. సాయంకాలమునకు 41 డిగ్రీలవఱకు పెరుగును. అంతవఱకు అది చెమటను బిగబట్టుకొని యుండును. పగలు దేహములో చేరిన వేడిని రాత్రి చల్లగాలికి ఊరక విడిచిపెట్టును. పెద్ద ఒంటెకు ఇందువలన దినమునకు సుమారు 5 లీటర్ల నీరు మిగులును. ఎడారిలో ఇంతకంటె గొప్ప ఆదాయము వేఱొకటి లేదు.

మనుష్యుడు ఎండలో తన బరువులో ఎనిమిదవ వంతు నీటిని కోల్పోయినచో బ్రతుకుట దుర్లభము. రక్తము చిక్కబడి గుండె దానిని తోడలేకపోవును. ఒంటె తన బరువులో నాలుగవ వంతు పోయినను నడచుచునే యుండును. ఏలయన ఆ నష్టము ఎక్కువగా తక్కిన భాగములకే కాని రక్తమునకు అంతగా తగులదు. పిమ్మట నీరు దొరకినపుడు పది నిమిషములలో నూరు లీటర్ల వఱకు త్రాగివేయును.

ఒంటెను గూర్చి ఇంకొక వింత కలదు. మండుటెండలో అంత బొచ్చెందుకని ఎవరికైనను తోచును. ష్మిట్-నీల్సన్ ఒక ఒంటెకు బొచ్చు కత్తిరించి చూచెను. అది బొచ్చున్న ఒంటెకంటె సగము హెచ్చు నీటిని చెమటగా పోగొట్టుకొన్నది. బొచ్చు ఎండను లోనికి రానీయని పూరికప్పు వంటిదని తేలినది.

చిన్న జంతువులకు ఈ ఉపాయము చెల్లదు. చిన్న గిన్నెవలె అవి త్వరగా వేడెక్కును. అందుచే అమెరికా ఎడారులలోని కంగారు ఎలుక పగలెల్ల బొరియలో దాగి రాత్రి తిరుగును. ఎండుగింజలు తిని, ఆ గింజల నుండి దేహములో పుట్టు నీటితోనే కాలము గడపును. దానికి చెఱువుతో పని లేదు.

ఇక చలి సంగతి. దక్షిణధ్రువ ప్రాంతమున చక్రవర్తి పెంగ్విన్ అను పక్షి కలదు. తక్కిన పక్షులు వసంతమున గ్రుడ్లు పెట్టగా ఇది శీతకాలపు మొదట, సముద్రముపై గట్టిపడిన మంచు మీద, ఒక్క గ్రుడ్డు పెట్టును. గూడు లేదు, అల్లుటకు పుల్లయైనను దొరకదు. ఆడపక్షి గ్రుడ్డును మగపక్షికి అప్పగించి ఆహారమునకై సముద్రమునకు పోవును. మగపక్షి ఆ గ్రుడ్డును పాదములపై నిలుపుకొని, పొట్టక్రింది చర్మపు మడత దానిపై కప్పి, రమారమి 65 దినములు చీకటిలో నిలుచును. అంతకు ముందు జతకూడు దినములు గూడ లెక్కించినచో సుమారు నాలుగు మాసములు దానికి ఉపవాసమే.

ఆ చీకటి యెట్టిదో తెలియవలెనన్నచో 1911లో జరిగిన యాత్రను గూర్చి వినవలెను. స్కాటు దళమునకు చెందిన విల్సన్, బవర్స్, చెరీ-గరార్డ్ అను ముగ్గురు ఈ పక్షి గ్రుడ్లు తెచ్చుటకై జూను నెలాఖరున క్రోజియర్ అగ్రమునకు బయలుదేరిరి. దూరము సుమారు 100 కిలోమీటర్లే. పోయివచ్చుటకు అయిదు వారములు పట్టినది. చలి సున్నకు దిగువ 60 డిగ్రీలకు దిగినది. ఒంటి మీది బట్టలు చెమటకు తడిసి రేకులవలె బిగుసుకొనెను. పెనుగాలి గుడారము నెత్తుకొనిపోగా, అది మరల దొరకుట వారి యదృష్టము. అయిదు గ్రుడ్లు తీసికొనిరి. దారిలో రెండు పగిలెను. మిగిలిన మూడు లండను నగరపు వస్తుప్రదర్శనశాలకు చేరెను.

ముగ్గురు ధీరులు చావు తప్పించుకొని వచ్చిన ఆ చోటనే పక్షి గ్రుడ్డును పొదుగుచుండెను. పక్షికి ధైర్యమెక్కువ యని కాదు. దట్టమైన ఈకలు, వాని క్రింద క్రొవ్వు, అన్నిటికంటె ముఖ్యముగా తోడు—ఇవి దానికి కలవు. వందలు, వేలు పక్షులు ఒకదానిని ఒకటి ఒరసికొని గుంపుగా నిలుచును. గాలివాటున వణకు పక్షులు గుంపు ప్రక్కగా నడచి వెనుకవైపు చేరును. అప్పుడు లోపలివి గాలికి ఎదురగును. అర నిమిషమునకో నిమిషమునకో గుంపంతయు చిన్న అడుగు వేయుచుండును. ఆజ్ఞాపించు నాయకుడు లేడు. ఎవరి చలి వారిని నడపును. ఫలము మాత్రము అందఱికిని దక్కును.

ఇన్ని చూచిన పిమ్మట కొందఱు, ఇంత ఓర్చుకొనునవి యేమైనను ఓర్చుకొనును గదా, లోకము కొంత మాఱినంతమాత్రమున వానికి వచ్చు భయమేమి అందురు. ఇది పెద్ద పొరపాటు. ఈ జంతువులలో ఏ ఒక్కటియు అన్ని కష్టములకు ఓర్చునది కాదు. తరతరములుగా తనకు అలవడిన ఒక్క కష్టమునకే ఓర్చును. కొఱ్ఱమీను ఎండిన చెఱువులో వానకై వేచియుండగలదు. ఇండ్లకై మట్టిపోసి పూడ్చిన చెఱువులో దేనికై వేచియుండవలెను? ఒంటెను ఎడారి చంపలేదు. కాని మన దేశమున 2012 గణనలో 4 లక్షలున్న ఒంటెలు 2019 గణన నాటికి రెండున్నర లక్షలకు తగ్గినవి. మేతభూములు తఱుగుటయు, ఒంటె చేయు పని మోటారు బండ్లు చేయుటయు ఇందుకు ముఖ్యకారణములు. ఎండ పెరిగి కాదు.

పెంగ్విన్ సంగతి మఱింత విచారకరము. దాని పిల్లలకు మొదట మెత్తని నూగు మాత్రముండును. నూగు చలికాగును గాని నీటికాగదు. నీటికాగు ఈకలు వచ్చుటకు డిసెంబరు, జనవరి కావలెను. అంతవఱకు కాళ్లక్రింది మంచు గట్టిగా నుండవలెను. హేలీ అఖాతమున 2016లో పిల్లలు ఎదుగకమునుపే మంచు పగిలినది. తరువాతి రెండేండ్లును అట్లే జరిగినది. పెద్ద పక్షులలో చాలభాగము పొరుగుననున్న డాసన్-లాంబ్టన్ స్థావరమునకు తరలిపోగా ఆ స్థావరము పదిరెట్లకు మించి పెరిగినది. చూచితిరా, ఉపాయము లేకపోలేదని సంతోషించినవారు కలరు. తరలుటకు ప్రక్కన గట్టి మంచున్నపుడు ఆ సంతోషము న్యాయమే. 2022లో బెలింగ్స్‌హౌసెన్ సముద్రతీరమున మంచు ఆ ప్రాంతమంతటను ముందుగా కరగెను. అచ్చట తెలిసిన స్థావరములు అయిదు. అందు నాలుగింట ఒక్క పిల్లయైనను మిగిలియుండదని ఉపగ్రహచిత్రములు పరిశీలించిన శాస్త్రజ్ఞులు తేల్చిరి. మంచు విడిపోవునాటికి ఆ పిల్లల ఒంటిపై నున్నది ఇంకను నూగే.